పెరట్లో వేపమాను మిద్దె మీదికి వచ్చేసింది, తీసేయడం ఎట్లా? (కర్నూలు)

హంద్రిగట్టు | కర్నూలు | డిసెంబరు 7

అందరికీ నమస్కారం. మా ఇల్లు కర్నూలు పాతబస్తీలో. పెరట్లో 1983లో మా నాన్న నాటిన వేపచెట్టు ఉంది. ఇప్పుడది మా రెండంతస్తుల మిద్దె దాటి ఇంకా పైకి పోయింది. బోదె చుట్టూ నేనొక్కదాన్నే చేతులు చాచితే అందదు, తమ్ముడు కూడా రెండో వైపు పట్టుకోవాలి.

పెద్ద కొమ్మ ఒకటి గోడ దాటి పక్కింటి రేకుల మీదికి పోయింది. ఆ రేకుల కింద ఒక అవ్వ, ఆమె మనవరాలు, ఏడాది బిడ్డ పడుకుంటారు. గాలివాన రాత్రుల్లో నాకు నిద్ర ఉండదు. పెరట్లో పరిచిన బేతంచెర్ల బండలు రెండు వరసలు పైకి లేచాయి, కాలు తగిలి అమ్మ ఒకసారి పడింది. వంటింటి గోడ మూలన వాలుగా పగులు వచ్చింది, పైన వేలు దూరేంత, కిందికి వచ్చేసరికి గీతంత. వీధి వైపు కొమ్మలు కరెంటు తీగల్లోకి పోయాయి.

అమ్మ ఒప్పుకోవడం లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి ఊళ్లోకి వచ్చినప్పుడు పక్కింటివాళ్లు ఈ మాను కొమ్మలు పట్టుకునే మా మిద్దె మీదికి చేరారు. "మనుషుల్ని నిలబెట్టిన మాను, నేనుండగా దాని మీద గొడ్డలి పడకూడదు" అంటుంది. నాన్న పోయి ఆరేళ్లయింది. నాకూ కొట్టించాలని లేదు. కానీ ఆ బిడ్డ మీద కొమ్మ పడితే ఆ తర్వాత నేను బతికేదెట్లా? మీలో ఎవరైనా ఇట్లాంటి మాను తీయించి ఉంటే దారి చెప్పండి.

నల్లరేగడి | ఆదోని | డిసెంబరు 7

అమ్మా, నేను సివిల్ ఇంజినీరుని. కొమ్మ సంగతి వేరే వాళ్లు చెప్తారు, నేను పగులు సంగతి అడుగుతా. మానుది 1983 అన్నారు. వంటిల్లు ఎప్పుడు కట్టారు? మాను ముందా, వంటిల్లు ముందా? మాను నుంచి ఆ మూలకు ఎన్ని అడుగులు? వంటింటి తూము నీళ్లు ఎటు పోతాయి? ఈ నాలుగూ చెప్పకుండా మానును కొట్టించకండి.

పెన్నాతీరం | కడప | డిసెంబరు 8

ఇంత ఆలోచన ఎందుకండీ. మొదట్లో నాలుగు రంధ్రాలు వేసి ఇంగువ పెట్టి మట్టితో మూసేయండి, కొన్నాళ్లకు దానంతటదే ఎండిపోతుందంటారు. మా ఊళ్లో ఇట్లాగే చేస్తారు. అమ్మగారికి కూడా కొట్టించామన్న బాధ ఉండదు.

మోకుతాడు | అనంతపురం | డిసెంబరు 8

అన్నా, కోపం తెచ్చుకోవద్దు, ఆ మాట మాత్రం చెప్పొద్దు. నేను పదహైదేండ్ల నుంచి మాన్లు కొట్టే పని చేస్తాండా. మా నాయనది కూడా ఇదే పని. నిలువునా ఎండిన మాను కంటే పచ్చిమాను వెయ్యి రెట్లు మేలు మాకు. పచ్చికొమ్మ వంగుతాది, ముందే సప్పుడు చేస్తాది, తాడుకు ఆగుతాది. ఎండింది అట్ల కాదు. కాలు పెట్టినాక పుటుక్కున ఇరుగుతాది. మా నాయన పడింది ఎండిన చింతమాను మీద నుంచే. ఎవరో యాసిడ్ పోసి సంపినారు ఆ మానును, కొట్టనీకె మమ్మల్ని పిలిచినారు. ఆయప్ప నడుము ఇంగ నిలబళ్ళేదు.

ఇంగువ, కిరసనాయిలు, యాసిడ్ ఏదైనా సరే, ఒగ మానును సంపి దాన్ని పక్కింటోళ్ళ రేకుల మీద నిలబెట్టినట్లే. తీయాలంటే పచ్చిగా ఉన్నప్పుడే తీయాల.

అక్కా, మీరు మొదలు ఫోటో పెట్టండి. బోదె భూమిలోకి దిగే చోటు, కొమ్మలు చీలే చోటు, ఈ రెండూ దగ్గర నుంచి.

పెన్నాతీరం | కడప | డిసెంబరు 8

ఇది నాకు తెలియదు తమ్ముడూ. మీ నాన్నగారి విషయం విని బాధేసింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వేపపూత | ప్రొద్దుటూరు | డిసెంబరు 8

చెల్లీ, నా అనుభవం చెప్తాను. మేము ఎనిమిదేళ్ల కిందట పడమటి వైపున్న వేపచెట్టు తీయించాం. కారణం పగులు కాదు, కొమ్మ కాదు. వాస్తు చూసిన ఆయన అక్కడ ఉండకూడదన్నాడు, మా ఇంట్లో పెద్దవాళ్లు అవునన్నారు. ఒక్క పూటలో కొట్టి ట్రాక్టరులో వేసుకుపోయారు. ఆ ఎండాకాలం మా పడమటి గది గోడ రాత్రి పదింటికి కూడా చెయ్యి పెట్టలేనంత కాలేది. ప్రొద్దుటూరు ఎండ మీకు చెప్పనక్కర్లేదు. ఆ గదిలో పడుకునే మా అత్తమ్మను హాల్లోకి మార్చాం. ఉగాది పచ్చడికి పూత బజార్లో కొన్నప్పుడు ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

తీయొద్దు అనడం లేదు. బిడ్డ మీద కొమ్మ ఉందంటే అది నిజమైన కారణమే. కానీ కారణం నిజమైనదో కాదో తేల్చుకునే దాకా ఆగండి.

హంద్రిగట్టు | కర్నూలు | డిసెంబరు 9

అందరికీ ధన్యవాదాలు. ఇంజినీరు గారూ, ముందు వైపు పాత మిద్దె తాతగారి కాలంది. వంటిల్లు, వెనక రెండు గదులు 1998లో కట్టారు, అప్పటికే మాను వయసు పదిహేనేళ్లు. మాను నుంచి వంటింటి మూలకు ఎనిమిది అడుగులు. తూము నీళ్లు అదే మూల కింద నుంచి పాత మట్టిగొట్టంలో కాలువకు పోతాయి.

నల్లరేగడి | ఆదోని | డిసెంబరు 9

నేను అనుకున్నట్టే ఉంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మన కర్నూలు వైపు నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండాకాలం పొలాల్లో చెయ్యి దూరేంత నెర్రెలు చూసే ఉంటారు. పెద్దమాను ఆ నేలలోని నీళ్లు తాగి పునాది కింద నేలను ఇంకా ఎండగొడుతుంది, మూల కిందికి దిగుతుంది, గోడ పైభాగం విచ్చుకుంటుంది. పైన వెడల్పు, కింద గీత అని మీరు చెప్పిన పగులు మూల దిగిందనే చెప్తోంది. కానీ దిగడానికి కారణం మానే అని చెప్పలేం. గొట్టం కారి నేల మెత్తబడినా మూల దిగుతుంది.

ఇంకో సంగతి. మాను కంటే ఇల్లు పాతదైతే, మాను తీసేశాక నేల మామూలు స్థితికి వస్తుంది, పెద్దగా భయం లేదు. మాను ఉన్న నేల మీద తర్వాత ఇల్లు కడితే కథ వేరు. ఆ నేల కట్టేనాటికే ఎండి ఉంది. మాను పోగానే వానలకు ఏటేటా నీళ్లు పట్టి పైకి ఉబ్బుతుంది, వంటింటిని కింద నుంచి ఎత్తుతుంది. మీ వంటిల్లు రెండో రకం. మాను తీస్తే పగుళ్లు పోతాయనుకుంటే, తీశాక కొత్త పగుళ్లు రావచ్చు.

ఇప్పుడు రెండు పనులు చేయండి. ఆ మూలన తవ్వించి గొట్టం చూడండి. పగులు మీద అడ్డంగా సన్నటి అద్దం ముక్కలు మూడు చోట్ల ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, పక్కన తేదీ రాయండి. గోడ కదిలితే అద్దం చిట్లుతుంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూస్తేగానీ అసలు సంగతి తెలియదు.

కట్టమీద మర్రి | కదిరి | డిసెంబరు 10

ఒక మాట. మా తిమ్మమ్మ మర్రిమాను దాదాపు 5 ఎకరాలు పాకింది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఊడలు దిగి అవే స్తంభాలై కొమ్మల్ని మోస్తాయి. వేపకు ఊడలు లేవు కాబట్టి ఆ కొమ్మ బరువంతా ఒక్క చీలిక మీదే ఉంటుంది. పక్కింటి వైపు కొమ్మ ఒక్కటే తీయించి, మిగతా కొమ్మల కింద ఇనుప ఊతం పెట్టించి మానును ఉంచుకునే వీలుందేమో చూడండి. పెద్దావిడ మాట కూడా నిలబడుతుంది.

తోటమాలి | కడప | డిసెంబరు 10

ఉద్యానంలో పనిచేసి రిటైరయ్యాను. అమ్మాయ్, కొమ్మల చివర్లు ఎండుతున్నాయా? 2021 చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కాలినట్టు ఎండిపోయాయి. తేయాకు దోమ అనే పురుగు చిగుళ్లను కుట్టడం, ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పట్టడం, రెండూ కలిసి చేసిన పని అది. మాను చచ్చిపోయిందనుకుని ఎంతోమంది కొట్టేశారు. ఉంచినవాళ్ల చెట్లు చాలావరకు మళ్లీ చిగురించాయి. కాబట్టి చివర్లు ఎండటం కొట్టడానికి కారణం కాదు.

నేను చూడమనేది వేరే చోట. బోదె చుట్టూ మట్టి, ఆకులు జానెడు లోతు తీసి, మొదట్లో అల్మారా బల్లలాగా పొడుచుకొచ్చిన గట్టి పుట్టగొడుగు ఉందేమో చూడండి. పైన గోధుమరంగు, అంచు తెలుపు. గొడుగులాగా కాడ ఉండదు, చెక్కకే అతుక్కుని ఉంటుంది. అది ఉందంటే లోపల వేర్లు, మొదలు కుళ్లుతున్నాయని. పైన ఆకు ఎంత పచ్చగా ఉన్నా సరే.

హంద్రిగట్టు | కర్నూలు | డిసెంబరు 14

ఆదివారం మేస్త్రీని పిలిచి తవ్వించాను. మూడు అడుగుల లోతులో గొట్టం దొరికింది. అతుకు దగ్గర విడిపోయి ఉంది. లోపల చెయ్యి పెట్టి లాగితే వేర్లు బయటికి వచ్చాయి, జడలాగా, ఒకదాంట్లో ఒకటి అల్లుకుని, బారెడు పొడవు. తల వెంట్రుకంత సన్నవి వేలకు వేలు. టెంకాయ పీచులా ఉంది. చుట్టూ నేల బురద. ఎన్నేళ్ల నుంచి కారుతోందో!

మొదట్లో మట్టి కూడా తీశాను. తోటమాలి గారూ, మీరు చెప్పింది ఉంది. పక్కింటి వైపు, నా అరచెయ్యి అంత ఒకటి, దాని కింద చిన్నవి రెండు. ఫోటోలు పెట్టాను. కొమ్మలు చీలే చోట ఒక తొర్ర కూడా ఉంది, 2009 వరద తర్వాత నాన్న అందులో సిమెంటు నింపారు. ఆ సిమెంటు చుట్టూ ఇప్పుడు చెక్క విడిపోయింది.

నల్లరేగడి | ఆదోని | డిసెంబరు 14

గొట్టం సంగతి తేలింది. వేరు బాగున్న గొట్టాన్ని పగలగొట్టదమ్మా, కారే చోటుకు వెతుక్కుంటూ వస్తుంది. మొదట గొట్టం కారింది, తర్వాత వేరు దూరింది. పీవీసీ వేయించి, గొయ్యి అదే మట్టితో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించి పూడ్చండి. ఇసుకతో పూడ్చితే నీళ్లు అక్కడే నిలుస్తాయి. గోడ వెంబడి మూడు అడుగుల వెడల్పున, బయటికి వాలుగా గచ్చు చేయించండి.

పగులు కోసం మానును తీయనక్కర్లేదు. నా వైపు నుంచి ఇంతే.

తోటమాలి | కడప | డిసెంబరు 14

ఫోటోలు చూశాను. రెండు సార్లు, పెద్దవి చేసి. మనసొప్పక మూడోసారి కూడా చూశాను.

అమ్మాయ్, తీయాల్సిందే. తొర్ర ఒక్కటే అయితే తీయమని చెప్పేవాడిని కాదు. లోపల బోలుగా ఉన్నా చుట్టూ గట్టి చెక్క తగినంత మందం ఉంటే మాను పదుల ఏళ్లు నిలబడుతుంది. కానీ మొదట్లో కుళ్లు, పైగా బరువైన కొమ్మ వంగిన వైపే. కొమ్మ తీసేసినా మొదలు కుళ్లడం ఆగదు. కింద బిడ్డ లేకపోతే, ఖాళీ స్థలం అయితే, ఉంచమనేవాణ్ణి.

తొర్రల్లో సిమెంటు నింపడం ఆ రోజుల్లో అందరూ చేసిందే. మీ నాన్నగారు మంచి అనుకునే చేశారు. సిమెంటు చెక్కతో పాటు ఊగదు, సందులో తేమ నిలుస్తుంది. ఇప్పుడు తొర్రలు అట్లా పూడ్చవద్దనే చెప్తున్నాం.

ఇంకొకటి. తొర్రల్లో పైడికంటెలు (చిన్న గుడ్లగూబలు), రామచిలుకలు ఉంటాయి. అవి గుడ్లు పెట్టే కాలం దగ్గర పడుతోంది. సాయంత్రం కింద కూర్చుని ఏవి వచ్చి దూరుతున్నాయో చూడండి. ఉంటే ఆలస్యం చేయకుండా జనవరిలోనే పని కానివ్వండి.

మోకుతాడు | అనంతపురం | డిసెంబరు 15

పెద్దాయన చెప్పిందే నా మాట కూడా. నేనే కర్నూలు వస్తానక్కా, కూలి సంగతి తర్వాత చూసుకుందాం. ముందు గొడ్డలి మడమతో కొట్టి సప్పుడు ఇనాల. గట్టిచెక్క ఖంగుమంటాది, కుళ్లింది డొబ్బుడొబ్బుమంటాది. మాను మొదలు అట్లుంటే పైకి ఎంత బరువు ఎక్కొచ్చో దాన్ని బట్టి చూడాల.

సిమెంటు సంగతి చెప్పినందుకు చానా మేలు చేసినావు. తెలీకుండా రంపం ఆనిస్తే గొలుసు తెగి మొగం మీదికి వస్తాది. బట్టలారేసే తీగకు ఎప్పుడో కొట్టిన కొక్కేలు, మేకులు ఉంటే అవి కూడా గుర్తు పెట్టి సున్నం రాయి. మాను పెరిగి వాటిని మింగేసి ఉంటాది, పైకి కనపడవు. మీయమ్మను అడుగు, ఆయమ్మకు గ్యాపకం ఉంటాది.

మండలాఫీసు | కడప | డిసెంబరు 15

రెవెన్యూలో 30 ఏళ్లు చేశాను. సొంత పెరడైనా సరే, అనుమతి లేకుండా కొట్టించకండి. 2002 నాటి వాల్టా చట్టం (వాటర్, ల్యాండ్ అండ్ ట్రీస్ యాక్ట్) నీళ్లకు, బోర్లకే అనుకుంటారు చాలామంది, చివర ఉన్న 'టా'లో చెట్లు కూడా ఉన్నాయి. మీది కార్పొరేషన్ పరిధి కాబట్టి ముందు అక్కడ అడగండి, వాళ్లే అటవీశాఖకు పంపాలా, మీరే పోవాలా చెప్తారు. దరఖాస్తులో మాను జాతి, చుట్టుకొలత, కారణం రాయండి. పుట్టగొడుగు ఫోటో, పక్కింటి రేకులు కనపడే ఫోటో జతచేయండి. పక్కింటివాళ్ల సంతకం కూడా ఉంటే మంచిది. బదులుగా మొక్కలు నాటమంటారు. దుంగలు అడితికి గానీ సామిల్లుకు గానీ తోలేటప్పుడు ఆ కాగితం బండిలోనే ఉండాలి.

హంద్రిగట్టు | కర్నూలు | డిసెంబరు 22

దరఖాస్తు ఇచ్చాను. అమ్మకు చెప్పడం మిగిలింది. వారం రోజుల నుంచి నోరు రాలేదు. నిన్న పొద్దున ఆమెనే పెరట్లోకి పిల్చి, మొదట్లో పుట్టగొడుగు పక్కన చెక్కలోకి వేలు పెట్టి చూపించాను. వేలు కణుపుల దాకా దిగింది. గోధుమరంగు పొడి, తడిగా, నానిన బెల్లంలా రాలింది. అమ్మ తనే కూర్చుని పిడికెడు తీసింది. చానాసేపు అట్లానే పట్టుకుని కూర్చుంది. "లోపల ఇంత పోయినాక కూడా నీడ ఇస్తానే ఉందే" అంది. తర్వాత లేచి లోపలికి పోయింది. సాయంత్రం వచ్చి, సంక్రాంతి దాటాక చేయించమంది.

మేకుల సంగతి అడిగితే ఐదు చోట్లు చెప్పింది. ఒకటి నా ఉయ్యాల కొక్కెం అట.

వేపపూత | ప్రొద్దుటూరు | డిసెంబరు 22

చెల్లీ, ఏం రాయాలో తెలియడం లేదు. అమ్మగారి దగ్గర కూర్చో. అంతే.

లైన్ క్లియర్ | కడప | జనవరి 9

ఇప్పుడే చూశాను ఈ చర్చ. నేను లైన్‌మన్‌గా చేసి దిగిపోయాను. వీధి వైపు తీగల ఫోటో చూశాను. స్తంభం మీద పైన మూడు తీగలు బోడివి, పింగాణీ చెంబుల మీద ఉన్నాయి. అది 11 కేవీ లైను. దానికి కొమ్మ తాకక్కర్లేదు, పచ్చి కొమ్మ దగ్గరికొస్తేనే చాలు. పచ్చికొమ్మలో నీళ్లుంటాయి, ఎక్కినవాడి చేతిలో తడి రంపం ఉంటుంది.

మీ కరెంటు సెక్షన్ ఆఫీసులో ముందే రాసిచ్చి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని అయ్యేదాకా ఆ లైనులో కరెంటు తీసి ఉంచడం) అడగండి. రోజు, టైము వాళ్లు చెప్తారు. ఫలానా టైముకు కరెంటు పోతుందిలే అని పని మొదలుపెట్టొద్దు. లైన్‌మన్ వచ్చి, తీసి, ఎర్తింగ్ గొలుసు వేసి, ఇక ఎక్కమని నోటితో చెప్పాకే ఎక్కాలి. దిగాక అందరూ దిగారని మీరే లెక్క చెప్పి ఎల్‌సీ వాపస్ ఇవ్వాలి. మధ్యలో ఏదైనా అయితే కరెంటోళ్ల నంబరు 1912కి ఫోన్ చేయండి. వీధి వైపు కొమ్మలన్నీ ఆ టైములోనే అయిపోయేలా చూసుకోండి, పెరటి వైపువి తర్వాత తీరిగ్గా కొట్టొచ్చు.

ఒక్క కొమ్మ కదా, కర్రతో లాగేద్దామని ఎక్కినవాళ్లను నేను దించాను. ఎట్లా దించానో ఇక్కడ రాయలేను.

హంద్రిగట్టు | కర్నూలు | ఫిబ్రవరి 3

అయిపోయింది. వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

అనుమతి జనవరి 24న వచ్చింది. సార్ ఒకరు వచ్చి చుట్టుకొలత కొలిచి, మొదలు చూసి పోయారు. ఎల్‌సీ ఫిబ్రవరి 1న, పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా. మోకుతాడు తమ్ముడు ముందురోజు రాత్రే ముగ్గురితో వచ్చాడు. గొడ్డలి మడమతో మాను చుట్టూ కొడుతూ తిరిగాడు. పక్కింటి వైపు డొబ్బుమన్న చోటల్లా సుద్దతో గీత గీశాడు. చూస్తే మొదట్లో సగానికి దగ్గర దగ్గర ఉంది.

తెల్లవారుజామున అమ్మ పసుపు, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, బోదెకు చెయ్యి ఆనించి నిలబడింది. కొట్టేవాళ్లు నలుగురూ చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు. పక్కింటి అవ్వ, మనవరాలు, బిడ్డ ఆ రోజంతా మా ముందరి గదిలోనే ఉన్నారు. అవ్వ వరద రోజు గురించి చెప్తూనే ఉంది.

మొదట వీధి కొమ్మలు. లైన్‌మన్ అన్న గొలుసు వేసి చెయ్యి ఊపాకే మోకుతాడు తమ్ముడు ఎక్కాడు. నడుముకు తాడు, తలకు హెల్మెట్. ప్రతి కొమ్మకూ ముందు మోకు కట్టి, ఆ మోకును పైన ఇంకో గట్టి కొమ్మ మీదుగా తిప్పి, కింద ఇద్దరు పట్టుకున్నారు. కోత పద్ధతి దగ్గర నుంచి చూశాను. కొమ్మ కింది వైపు నుంచి మూడో వంతు కోసి ఆపుతాడు. దానికి బెత్తెడు అవతల పై నుంచి కోస్తాడు. కొమ్మ టక్కుమని విడిపోయి తాడుకు వేలాడుతుంది. ఒట్టి పై నుంచే కోస్తే బరువుకు బెరడు చీలి బోదె దాకా ఊడొస్తుందని, ఎక్కిన మనిషిని అదే కొట్టి పడేస్తుందని చెప్పాడు.

రేకుల మీది పెద్దకొమ్మను ఏడు ముక్కలుగా దించారు. ఒక్క రేకు కూడా సొట్టపోలేదు. సిమెంటున్న చీలికను వదిలి దాని కిందికి కోశారు. ముక్క దించాక చూస్తే సిమెంటు మొత్తం ఒక ముద్దగా ఊడొచ్చింది, లోపల నాన్న వేళ్ల గుర్తులు అట్లానే ఉన్నాయి. తాపీతో కాకుండా చేత్తోనే మెత్తినట్టున్నారు. అది దాచుకున్నాం.

బోదెను నాలుగడుగుల చొప్పున పై నుంచి కోసుకుంటూ వచ్చారు, మొత్తంగా పడగొట్టలేదు. మొదలును భూమికి సమానంగా కోసి వదిలేశారు. జేసీబీ పెట్టి మోడు పీకిద్దామని మా తమ్ముడు అన్నాడు గానీ ఇంజినీరు గారు ఫోన్లో వద్దన్నారు, పునాది కింద పోయిన వేరు గోడను లాగుతుందని.

తొర్రలో పైడికంటెల జంట ఉండేది. గుడ్లు లేవు. ఆ తొర్ర ఉన్న ముక్కను మోకుతాడు తమ్ముడు వేరుగా కోసి, అడుగున పలక కొట్టి, మిద్దె పైన తూర్పు మూలన నిలువుగా కట్టాడు. ఆ రెండూ సాయంత్రం వచ్చి పక్కవీధి కానుగ మీద వాలాయి. ఇటు రాలేదు.

కూలి, భోజనాలు, బండి అన్నీ కలిపి 18,000 అయింది. కట్టెలు వాళ్లకే ఇచ్చేసి ఉంటే తగ్గేది. గట్టిచెక్క రెండు దుంగలు మేం ఉంచుకున్నాం. అమ్మ పూజకు పీట, పక్కింటి బిడ్డ ఉయ్యాలకు పట్టెలు.

మోకుతాడు | అనంతపురం | ఫిబ్రవరి 3

అక్కా, మీ ఇంట్లో రాగిముద్ద, పప్పు మర్చిపోము. మా వాళ్లకు హెల్మెట్లు పెట్టుకుంటేనే పని అని మీరు పట్టుబట్టినారు సూడు, ఇప్పుడు వేరే యాడికి పోయినా అవే తీస్కపోతాండారు.

మొదలు కోసినాక లోపల చూసినా. గట్టిచెక్క రెండు బెత్తెలు కూడా లేదు ఆ పక్క. మే నెల గాలికి ఆగేది కాదు.

హంద్రిగట్టు | కర్నూలు | జులై 19

వానలు మొదలయ్యాయి. రెండు ప్రశ్నలు. మోడు చుట్టూ చిగుళ్లు గుత్తులుగా వస్తున్నాయి, ఏం చేయాలి? ఇంజినీరు గారూ, ఎండాకాలమంతా అద్దాలు మూడూ బాగానే ఉన్నాయి, మొన్న వానకు మధ్యది సన్నగా చిట్లింది. కంగారు పడాలా?

తోటమాలి | కడప | జులై 19

చిగుళ్లు లేతగా ఉన్నప్పుడే పది పదిహేను రోజులకొకసారి చేత్తో గిల్లేస్తూ ఉండండి. ఆకు లేకపోతే వేరులో దాచుకున్నది తరిగిపోతుంది, ఒకటి రెండేళ్లలో ఆగిపోతుంది. మందులు అక్కర్లేదు. మోడు మీద మట్టి కప్పి తేమగా ఉంచితే తొందరగా చివుకుతుంది.

నల్లరేగడి | ఆదోని | జులై 20

నేను చెప్పిన ఉబ్బు మొదలైంది. చిట్లిన చోట పక్కన కొత్త అద్దం వేసి తేదీ రాయండి, పాతది తీయకండి. రెండు మూడు వానాకాలాలు ఇట్లా కొంచెం కొంచెం కదులుతుంది. అప్పటిదాకా పగులు పూడ్చి రంగులు వేయించకండి, డబ్బు దండగ. తలుపులు బిగుసుకుంటే, అద్దం రెండు ముక్కలై ఎడం వస్తే వెంటనే చెప్పండి. గచ్చు పక్కన నీళ్లు నిలవనీయకండి.

వేపపూత | ప్రొద్దుటూరు | జులై 20

చెల్లీ, అమ్మగారు ఎట్లా ఉన్నారు? బదులు ఏం నాటారు?

హంద్రిగట్టు | కర్నూలు | జులై 20

బాగుంది అక్కా. గోడకు ఇరవై అడుగుల దూరంలో సీతాఫలం, కరివేపాకు నాటాం. పాత మాను కింద రాలిన గింజలకు మొలిచిన వేపమొక్కలు నాలుగు అమ్మ ముందే సంచుల్లో పెట్టుకుంది. రెండు పక్క ఊరి బడిలో నాటించింది, ఒకటి మా పొలం గట్టున. నాలుగోది ఇంకా సంచిలోనే ఉంది, ఎవరికిస్తావంటే చెప్పదు.

మిద్దె మీది తొర్రలో పైడికంటెలు రాలేదు. గోరింకలు చేరాయి. పొద్దున ఐదింటికే గోల.

వేపపూత | ప్రొద్దుటూరు | జులై 20

ఆ నాలుగోది నాకివ్వమని అడుగుతావా? మా పడమటి వైపు ముప్ఫై అడుగుల స్థలం ఉంది. అత్తమ్మను తీసుకుని నేనే వస్తాను.

హంద్రిగట్టు | కర్నూలు | జులై 20

అడిగాను. ఆదివారం రమ్మంటోంది, భోజనానికి.

కొత్తసభ్యుడు | కడప | జులై 22

నమస్కారం. చర్చంతా చదివాను. మాది తురాయి చెట్టు, పాతికేళ్లది, మిద్దె మీదికి వంగింది. తీసేయాలనుకుంటున్నాం. మొదట ఏం చేయాలి?

హంద్రిగట్టు | కర్నూలు | జులై 22

బోదె చుట్టూ జానెడు మట్టి తీసి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు పెట్టండి అన్నా. కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో, మాను ముందో మిద్దె ముందో కూడా రాయండి.